తుపాను, వరదల్లో పంట నష్టపోయిన రైతుకు పెట్టుబడి రాయితీ: తరచుగా అడిగే ప్రశ్నలు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు, కృష్ణ రెండూ పొంగినప్పుడు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపు తీరాన్ని తాకినప్పుడు, మా వైపు రైతు సేవా కేంద్రాల అరుగుల మీద అవే సందేహాలు వినిపించాయి. దరఖాస్తులు రాసిపెట్టడానికి, జాబితాలు చదివి చెప్పడానికి అక్కడ కూర్చున్న మాబోటివారు అవే సమాధానాలను మళ్లీ మళ్లీ చెప్పారు. సమాధానం ఆలస్యంగా తెలిసినవారు అర్హత ఉండి కూడా సొమ్ము పోగొట్టుకోవడం కళ్లారా చూశాను కాబట్టి వీటిని ఒకచోట చేర్చాను. ఇవి ప్రధానంగా ఆంధ్రప్రదేశ్ రైతులకు ఉద్దేశించినవి.

## అసలు ఈ సహాయం ఏమిటి

ఇది నష్టపరిహారమేనా? పోయిన పంట విలువంతా ఇస్తారా?

పంట విలువ ఇవ్వరు. వాడుకలో అందరం నష్టపరిహారం అనే అంటున్నా, ప్రభుత్వ ఉత్తర్వుల్లో దీని పేరు పెట్టుబడి రాయితీ, అంటే ఇన్‌పుట్ సబ్సిడీ. విపత్తులో చేతికందని పంటకు ధర కట్టి ఇచ్చేది కాదు. రైతు మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కుని తరువాతి పంట వేసుకోగలిగేందుకు ఇచ్చే చేయూత. ఈ సొమ్ము రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. మన రాష్ట్రంలో ఆ నిధికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం జమచేస్తాయి. ఎకరాకు 30 బస్తాలు పోయాయి కాబట్టి 30 బస్తాల ధర వస్తుందన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

వరికి ఎకరాకు ఎంత వస్తుంది?

2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, ఒకసారి నాటితే ఏళ్లపాటు ఉండే బహువార్షిక పంటలకు 22,500 ఇవ్వాలి. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి నీటి వసతి ఉన్న భూమికి ఎకరాకు సుమారు 6,880 రూపాయలు వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా దీనిని పెంచవచ్చు. 2024 వరదల తరువాత, 2025లో మొంథా తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000 రూపాయలు ప్రకటించింది. అంటే ఎకరాకు పది వేల పైచిలుకు. పెంపు ప్రతి విపత్తుకూ తనంతట తానుగా వర్తించదు. ఆ విపత్తు గురించి వెలువడిన ఉత్తర్వులో మీ పంటకు ఏ రేటు రాశారో అదే చెల్లుతుంది కాబట్టి, నిరుటి లెక్కను ఈ ఏటికి అన్వయించుకోకుండా ఉత్తర్వు ప్రతిని అడిగి చూడండి.

నాకు పన్నెండు ఎకరాలు ఉంది. అంతటికీ ఇస్తారా?

ఒక రైతుకు గరిష్ఠంగా 2 హెక్టార్లకే, అంటే దాదాపు 5 ఎకరాలకే ఇస్తారు. చిన్న, సన్నకారు రైతులు కానివారు కూడా అర్హులే, కానీ వారికీ ఈ పరిమితి ఉంది. విత్తనం వేయకుండా బీడుగా వదిలిన భూమికి రాదు. మరీ తక్కువ విస్తీర్ణం ఉన్నవారికి నామమాత్రపు సొమ్ము రాకుండా కనీస మొత్తాలూ ఉన్నాయి: వర్షాధార పంటకు 1,000, నీటి వసతి ఉన్న పంటకు 2,000, బహువార్షిక పంటకు 2,500 రూపాయలు.

అడవి పందులు తొక్కేసిన చేనుకు కూడా వర్తిస్తుందా?

వర్తించదు. తుపాను, వరద, కరవు, వడగళ్లు, అగ్నిప్రమాదం, భూకంపం, సునామీ, కొండచరియలు విరిగిపడడం, కుంభవృష్టి, తెగుళ్ల ఉద్ధృతి వంటి విపత్తులకే ఈ నిధి ఉంది. అడవి జంతువుల వల్ల కలిగిన నష్టానికి అటవీ శాఖకు వేరుగా అర్జీ పెట్టుకోవాలి. కరవు విషయంలో మాత్రం ప్రభుత్వం ముందుగా మండలాన్ని కరవు మండలంగా ప్రకటించాలి.

## పంట వేసిన నాటి నుంచి

ఈ-పంటలో నమోదు చేయించుకోకపోతే నిజంగానే రాదా?

రావడం చాలా కష్టం. ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ నమోదే ఈ-పంట. నష్టం జరిగిన తరువాత అధికారులు మొదట చూసేది ఆ సర్వే నంబరులో, ఆ సీజన్‌లో, ఏ పంట, ఎంత విస్తీర్ణంలో, ఎవరి పేర నమోదై ఉందన్నదే. ఆ నమోదు లేని చేను, కళ్లముందు నీట మునిగి ఉన్నా, కాగితం మీద ఖాళీ భూమే. నాట్లు పూర్తయిన వారం పది రోజుల్లో గ్రామ వ్యవసాయ సహాయకుడిని చేనుకు పిలిచి ఫొటో తీయించండి, వేలిముద్ర వేసి ఈ-కేవైసీ (ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణ) పూర్తి చేయండి, ఆ తరువాత వచ్చే రసీదును భద్రపరచండి. రసీదు చేతికి రాగానే పేరు, సర్వే నంబరు, పంట, ఎకరాలు, సెంట్లు అన్నీ ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. ఒకసారి మా ఊళ్లో ఒక రైతు చూపించిన రసీదులో వరికి బదులు మినుము అని పడింది. అది సెప్టెంబరులోనే కంటబడింది కాబట్టి జాబితాను ఊళ్లో అందరికీ చూపి అభ్యంతరాలు తీసుకునే సామాజిక తనిఖీలో దిద్దించగలిగాం; తుపాను వెళ్లాక చూసి ఉంటే ఆయనకు దారి ఉండేది కాదు.

నేను కౌలు రైతును. పంట నాది, పాసు పుస్తకం యజమానిది. డబ్బు ఎవరికి వస్తుంది?

పండించినవారికి రావాలి, చట్టం ఉద్దేశం అదే. 2011లో వచ్చిన చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కాలపరిమితితో పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. మన వాడుకలో ఇదే కౌలు కార్డు. ఈ పత్రం ఉన్న సాగుదారుకు పంట రుణం, బీమా, పెట్టుబడి రాయితీ అందాలని ఆ చట్టం చెబుతుంది.

ఆచరణలో జరుగుతున్నది వేరు. డెల్టాలో చాలా చేలలో కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. ఈ-పంటలో సాగుదారుగా యజమాని పేరే ఎక్కిపోతే సొమ్ము కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది. పడిన సొమ్ము కౌలుదారుకు తెచ్చి ఇచ్చిన యజమానులు ఉన్నారు, వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. ఇవ్వనివారూ ఉన్నారు. మిచాంగ్ వెళ్లిన నాలుగో రోజున మూడెకరాలు మక్తాకు చేస్తున్న ఒక తల్లి రైతు సేవా కేంద్రానికి వచ్చి చెంగులో మూటకట్టి తెచ్చిన కంకులను బల్ల మీద పరిచింది. ప్రతి గింజ కొన నుంచీ సూదిమొనలాంటి తెల్లని మొలక వచ్చి ఉంది. నష్టానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు, కానీ నమోదులో ఆమె పేరు లేదు. అందుకే నాట్లకు ముందే కౌలు కార్డు తీసుకోవాలని, ఈ-పంటలో సాగుదారు అన్న చోట మీ పేరే రాయించుకోవాలని ఇంత గట్టిగా చెబుతున్నాను.

కౌలు కార్డుకు యజమాని సంతకం పెట్టనంటున్నారు. ఏం చేయాలి?

2019 చట్టం కింద పత్రం పొందాలంటే యజమాని అంగీకారం తప్పనిసరి, ఆ చట్టంలోని బలహీనత కూడా అదే. సంతకం పెడితే భూమి మీద కౌలుదారుకు హక్కు వచ్చేస్తుందని యజమానులు భయపడతారు. ఈ పత్రం వల్ల యాజమాన్య హక్కుకు ఎలాంటి భంగం కలగదనీ, 11 నెలలు గడిస్తే దాని చెల్లుబాటు ముగుస్తుందనీ వారికి నచ్చజెప్పవలసి ఉంటుంది. ఒంటరిగా అడిగితే కాదన్నవారు వీఆర్వో, వ్యవసాయ సహాయకుడు, ఊరి పెద్ద ఒకరు కలిసి వెళ్లి చెబితే ఒప్పుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. అప్పటికీ ఒప్పుకోకపోతే, సాగు చేస్తున్నది మీరేనని తెలిపే అర్జీని సీజన్ మొదట్లోనే గ్రామ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. దానితో సొమ్ము వస్తుందని హామీ ఇవ్వలేను, కానీ తరువాత అభ్యంతరం తెలపడానికి తేదీ వేసిన కాగితం ఒకటి మీ చేతిలో ఉంటుంది.

## నీరు చేలో ఉన్న రోజుల్లో

చేను ఇంకా మునిగే ఉంది. ముందుగా ఎవరికి చెప్పాలి?

గ్రామ వ్యవసాయ సహాయకుడికి చెప్పాలి. అరటి, బొప్పాయి, కూరగాయల వంటి పంటలైతే ఉద్యాన సహాయకుడికి చెప్పాలి. ఎవరూ అందకపోతే రాష్ట్ర రైతు కాల్ సెంటర్ నంబరు 155251. నోటితో చెప్పి ఊరుకోవద్దు: సర్వే నంబరు, విస్తీర్ణం, పంట దశ, నీరు చేరిన తేదీ రాసిన అర్జీ ఒకటి ఇవ్వండి. గట్టు మీది తాటిచెట్టో, కాలువ తూమో, విద్యుత్ స్తంభమో కనిపించేలా చేను ఫొటోలు తీసి ఉంచండి. గుర్తు పట్టగలిగిన వస్తువు లేని నీటి ఫొటో ఏ చేనిదైనా కావచ్చు.

అధికారులు వచ్చేదాకా పడిపోయిన వరిని అలాగే ఉంచాలా, కోసేయవచ్చా?

గింజ దక్కించుకోవడమే ముఖ్యం. ముందుగా కాలువ తీసి నీటిని బయటికి పంపండి. కోతకు వచ్చి ఒరిగిన పంటలో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన ద్రావణాన్ని కంకుల మీద పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. కోయక తప్పకపోతే సహాయకుడికి ముందుగా తెలియజేసి, పడి ఉన్న పంట ఫొటోలు తీసి, వీలైతే చేనులో కొంత భాగాన్ని కోయకుండా ఉంచండి. ఏడు వేల రాయితీ కోసం చూస్తూ ముప్పై వేల ధాన్యాన్ని కుళ్లబెట్టుకున్నవారిని చూసినప్పుడు కడుపు తరుక్కుపోయింది.

కోసిన పనలు తడిశాయి, కల్లంలో రాశి కూడా తడిసింది. వీటికి ఇస్తారా?

నూర్చి రాశి పోసిన ధాన్యం సాధారణంగా పంట నష్టం గణనలోకి రాదు, ఎందుకంటే పెట్టుబడి రాయితీ చేలో ఉన్న పంటకు ఉద్దేశించింది. పనల మీద ఉన్న వరిని లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది ఆ విపత్తుకు ఇచ్చిన గణన ఆదేశాలను బట్టి ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. తడిసిన ధాన్యానికి ఉన్న దారి కొనుగోలు కేంద్రమే. మామూలుగా తేమ 17 శాతం మించకూడదు, రంగు మారిన గింజలకు, మొలకెత్తిన గింజలకు కూడా పరిమితి ఉంటుంది. తుపాను తరువాత రాష్ట్రం కోరితే కేంద్రం ఈ నిబంధనలను సడలించే అవకాశం ఉంది. సడలింపు వచ్చిందో లేదో తెలుసుకోకుండా దళారికి అయినకాడికి అమ్మేయకండి.

గేదె చనిపోయింది, కోళ్లు కొట్టుకుపోయాయి. అది కూడా ఇందులోనే వస్తుందా?

అదే నిధి నుంచి వస్తుంది, కానీ గణన చేసేది పశుసంవర్ధక శాఖ. పాడి ఆవుకు లేదా గేదెకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు లేదా మేకకు 4,000 చొప్పున ప్రమాణాలు ఉన్నాయి. పెద్ద పాడి పశువులు మూడింటికి, గొర్రెలు, మేకలు ముప్పైకి మించి లెక్కించరు. కోడికి 100 రూపాయల చొప్పున కుటుంబానికి 10,000 వరకు ఇస్తారు. కళేబరాన్ని పాతిపెట్టక ముందే పశువైద్యుడికి చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి.

చేలో ఇసుక మేట వేసింది. దానికి వేరుగా ఏమైనా ఉందా?

ఉంది. మేట మూడు అంగుళాలకు మించి ఉంటే తొలగించుకోవడానికి హెక్టారుకు 18,000 రూపాయలు, నది దారి మారి భూమే కోతకు గురై పోతే హెక్టారుకు 47,000 రూపాయలు ఇస్తారు. ఇవి చిన్న, సన్నకారు రైతులకు ఉద్దేశించినవి. భూమి కోతకు గురైన సందర్భంలో రెవెన్యూ రికార్డుల్లో యాజమాన్యం స్పష్టంగా ఉండాలి. ఇసుకను తీయించే ముందు మందాన్ని కొలిపించి రాయించుకోండి.

## గణన, జాబితా

33 శాతం నష్టం అంటే ఎలా లెక్క కడతారు?

చేలో పంటకు 33 శాతం లేదా అంతకు మించి నష్టం జరిగితేనే రాయితీకి అర్హత వస్తుంది. ఈ హద్దు మొదట 50 శాతం ఉండేది, 2015లో 33కు తగ్గించారు. నీరు తీసిన తరువాత వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది చేను చూసి అంచనా కడతారు. పంట దశను బట్టి అంచనా మారుతుంది: పిలకల దశలో రెండు రోజులు మునిగిన వరి తేరుకుంటుంది, అదే మునక పూత మీద వస్తే తాలు మిగులుతుంది, గింజ గట్టిపడ్డాక వస్తే మొలకలు వస్తాయి. గట్టు మీద నుంచి చూస్తే పచ్చగా నిలబడి ఉన్న చేనులో కంకిని నలిపి చూస్తే పాలు కూడా లేని గింజలు ఉండవచ్చు. కాబట్టి బృందం వచ్చినప్పుడు మీరు దగ్గర ఉండండి, చేనులోకి దిగి నాలుగు మూలల కంకులు తెంపి చూపించండి.

మా చేను దాకా ఎవరూ రాలేదు. గణన అయిపోయిందంటున్నారు.

గణనకు ఇచ్చే గడువు చాలా తక్కువ, సిబ్బంది ఇంకా తక్కువ. వారిలో చాలామంది మోకాలి లోతు బురదలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగేవారేనని కూడా చెప్పాలి. అయినా రోడ్డు పక్క చేలు చూసి లోపలి చేలు వదిలేసిన సందర్భాలు ఉన్నాయి. గడువు పూర్తికాకముందే మండల వ్యవసాయ అధికారికి, తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలపండి. ఒక్కరుగా వెళ్లడం కన్నా ఆ బోదె (పిల్ల కాలువ) కింది రైతులంతా సర్వే నంబర్లు రాసి కలిసి ఇస్తే మళ్లీ చూడడానికి వచ్చే అవకాశం ఎక్కువ.

జాబితాలో నా పేరు లేదు, లేదా విస్తీర్ణం తగ్గించి రాశారు. ఎవరిని అడగాలి?

సొమ్ము విడుదలకు ముందు లబ్ధిదారుల జాబితాను సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలో లేదా సచివాలయంలో ప్రదర్శిస్తారు. అభ్యంతరం చెప్పడానికి అసలైన సమయం ఆ కొద్ది రోజులే. జాబితా అంటించారన్న మాట వినగానే స్వయంగా వెళ్లి పేరు, ఆధార్ చివరి అంకెలు, సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకోండి. చదువు రాని ఇరుగుపొరుగువారి పేర్లు కూడా చూసిపెట్టండి. తప్పు ఉంటే ఈ-పంట రసీదు, పాసు పుస్తకం లేదా కౌలు కార్డు, ఫొటోలు జతచేసి అభ్యంతరం రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. అక్కడ పట్టించుకోకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోండి. పేరు ఎక్కించడానికి ఎవరికీ ఒక్క రూపాయి కూడా ఇవ్వనవసరం లేదు.

## సొమ్ము చేతికొచ్చే దశ

పక్క చేనువాళ్లకు పడింది, నాకు పడలేదు. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం బ్యాంకు ఖాతా దగ్గర ఉంటుంది. ఆధార్ ఆధారంగా చెల్లించేటప్పుడు సొమ్ము మీరు రాసి ఇచ్చిన ఖాతాలోకి కాక, ఆధార్‌కు చివరిగా అనుసంధానించిన ఖాతాలోకి వెళుతుంది. పొదుపు సంఘం కోసమో, గ్యాస్ రాయితీ కోసమో ఎప్పుడో తెరిచి మరచిపోయిన ఖాతాలో సొమ్ము ఉండిపోయిన రైతులు ఎందరో. ముందు మీ ఆధార్ ఏ బ్యాంకుకు అనుసంధానమై ఉందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఖాతా నిలిచిపోయి ఉన్నా, ఈ-కేవైసీ పూర్తికాకపోయినా, పేరులో తేడా ఉన్నా చెల్లింపు వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన కారణాన్ని వ్యవసాయ సహాయకుడి ద్వారా తెలుసుకుని సరిచేయించుకోవాలి.

బ్యాంకు ఈ సొమ్మును పాత బాకీ కింద పట్టుకుంది. అలా చేయవచ్చా?

తరువాతి పంట పెట్టుబడికి ఇచ్చిన సొమ్మును బాకీకి జమ కట్టుకుంటే సహాయం ఉద్దేశమే దెబ్బతింటుంది. మేనేజరుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, ప్రతిని తహసీల్దారుకు, జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు ఇవ్వండి. దానితో పాటు బాకీని రీషెడ్యూలు చేయమని కూడా అడగండి. రిజర్వ్ బ్యాంకు 2018 నాటి మార్గదర్శకాల ప్రకారం పంట నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే పంట రుణం తిరిగి చెల్లించడానికి గరిష్ఠంగా 2 సంవత్సరాలు, 50 శాతం దాటితే 5 సంవత్సరాల వరకు గడువు ఇవ్వవచ్చు. రెండింటిలోనూ మొదటి ఏడాది విరామం కలిసి ఉంటుంది. అడగకపోతే ఈ సంగతి మీకు ఎవరూ చెప్పరు.

పంట బీమా ఉంది. రాయితీ తీసుకుంటే బీమా పోతుందా?

పోదు, రెండూ వేర్వేరు. బీమా ప్రీమియం కట్టి తీసుకునేది, రాయితీ ప్రభుత్వం ఇచ్చేది. 2024-25 రబీ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు తన వాటా ప్రీమియం తానే కట్టుకోవాలి: ఖరీఫ్ ఆహార పంటలకు బీమా మొత్తంలో గరిష్ఠంగా 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. బీమాలో చెల్లింపు సాధారణంగా బీమాకు ఒక యూనిట్‌గా తీసుకున్న ప్రాంతంలోని సగటు దిగుబడిని బట్టి నిర్ణయమవుతుంది. కోసి చేలోనే ఆరబెట్టిన పంటకు 14 రోజుల లోపు అకాల వర్షం వల్ల నష్టం జరిగితే 72 గంటల్లోగా 14447 నంబరుకు ఫోన్ చేసి తెలపాలి. రాయితీ కోసం సచివాలయంలో ఇచ్చిన అర్జీ దీనికి సరిపోదు.

అన్నదాత సుఖీభవ వస్తోంది. ఇది కూడా వస్తుందా?

వస్తుంది. పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు ఇచ్చే ఆ పథకం నష్టంతో సంబంధం లేకుండా ఇచ్చేది. పెట్టుబడి రాయితీ నష్టం జరిగినప్పుడు మాత్రమే వస్తుంది.

మా చేను తెలంగాణ వైపు ఉంది. అక్కడ కూడా ఇదే పద్ధతా?

33 శాతం హద్దు అక్కడా ఉంది, గణన చేసేది వ్యవసాయ విస్తరణ అధికారి. 2023 మార్చిలో వడగళ్ల తరువాత ఖమ్మం జిల్లాలో పర్యటించిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించి, కౌలు రైతులను కూడా ఆదుకోవాలని చెప్పారు; 2024 వరదలకు, 2025 మొంథాకు కూడా ఎకరాకు అంతే ప్రకటించారు. రెండు రాష్ట్రాల్లో చేలు ఉన్న సరిహద్దు మండలాల రైతులు ఏ చేనుకు ఆ రాష్ట్రంలోనే విడిగా నమోదు చేయించుకోవాలి. ఒకచోటి రసీదు మరొకచోట చెల్లదు.